గూడు దిగని సామ్రాజ్యం

1

నా పేరు కొక్కిలిగడ్డ నాంచారయ్య. ఊరంతటి మీదా కప్పిన గొడుగు కింద, పడమర వీధిలో చివరి ఇల్లు నాది. కోడికి జబ్బు చేస్తే దాని సంగతి రోజూ పశువుల ఆసుపత్రికి చెప్పాలి. అందరూ గోడకున్న మిషనుతో చెబుతారు, అది రాసుకుంటుంది. నేను గోడతో మాట్లాడను. ఆ మాట డాక్టరమ్మ హిమజకి మొహాన్నే చెప్పాను. ఆవిడ నవ్వి ఈ కాగితాలు చేతిలో పెట్టి, "అయితే మీరే రాయండి తాతగారూ. చూసింది రాయండి, అనుకున్నది రాయండి" అంది. నాకు అక్షరాలు నేర్పింది నా భార్య, అదీ పెళ్ళయ్యాక. ఒత్తులు తప్పితే సర్దుకోండి. సర్దుకోలేనివాళ్ళు చదవొద్దు.

జబ్బు చేసిందంటున్నది సామ్రాజ్యానికి. బూడిదరంగు పెట్ట. నేను మంచం మీద కూర్చుంటే చాలు, వచ్చి ఒళ్ళో ఎక్కుతుంది. అలాంటిది నిన్నటి నుంచి గూడు దిగడం లేదు. మేత చల్లితే రాదు. పిలిస్తే రాదు. దగ్గరికి వెళితే ఒళ్ళంతా ఈకలు లేపి గుర్రుమంది. దాని కాలి పట్టీ ఎర్రగా వెలుగుతోంది. ఎరుపు అంటే ఒళ్ళు కాలుతోంది, తిండి మానింది, కదలడం లేదు అని. ఇక్కడ కోడికైనా పిల్లికైనా పుట్టగానే కాలికో మెడకో పట్టీ వేస్తారు. దాని కబురు సరాసరి ఆసుపత్రికి వెళుతుంది.

నా ఉద్దేశంలో ఇది జబ్బు కాదు, అలక. మొన్న మా పిల్లి మునసబుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. సామ్రాజ్యం చూసింది. మూతి తిప్పుకుని వెళ్ళింది.

2

డాక్టరమ్మ వచ్చింది. గొంతు చూసింది, రెట్ట చూసింది, కళ్ళు చూసింది. ఆమె చేతి మీద రెండు పోట్లు పడ్డాయి.

"రోగం ఏదీ కనబడటం లేదు తాతగారూ. గూట్లో కొత్తగా ఏమైనా మార్చారా?"

"మార్చడం కాదు, బాగుచేశాను" అన్నాను. నేను చేసిన పని అది, చెప్పుకోడానికి సిగ్గెందుకు? ఆఫీసువాళ్ళు ఇచ్చిన గూళ్ళకి నేల వాలుగా ఉంటుంది. కోడి గుడ్డు పెట్టగానే అది దొర్లుకుంటూ పోయి వెనక డబ్బాలో పడుతుంది. కోడి తిరిగి చూసేసరికి గుడ్డు ఉండదు. బండివాడు వచ్చి డబ్బాలోవి పట్టుకుపోతాడు. పుంజు తొక్కినవి కోడిపిల్లల్ని తీసే పిల్లల మిషనుకి, మిగతావి తినడానికి. వీధి మొత్తానికీ పుంజు ఒకటే, వంతుల మీద ఇంటింటికీ తిరుగుతుంది. వాలు మరీ ఎక్కువై గుడ్లు డబ్బాలో పడి పగిలిపోతున్నాయి. నేను గూడు వెనక కాళ్ళ కింద ఇటుక పెట్టాను. వాలు పోయింది. ఒక్క గుడ్డు పగిలితే ఒట్టు. వీధివాళ్ళు వచ్చి చూసి నోళ్ళు తెరిచారు. అడిగినవాళ్ళింటికల్లా వెళ్ళి ఇటుకలు పెట్టి వచ్చాను, కాఫీ తాగకుండా.

"మరి గుడ్లు ఎవరు తీస్తున్నారు?"

"నేనే చేత్తో తీస్తాను. ఈ మధ్య మోకాలు పట్టేసి తీయలేదు. ఓ పూట ఆలస్యమైతే గుడ్లు ఎక్కడికి పోతాయి?"

ఆవిడ ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళింది. ఇటుక గురించి ఒక్క మెచ్చుకోలు మాట అనలేదు.

3

ఇవాళ ఒక వింత చూశాను.

గుడ్లు తీసేద్దామని చెయ్యి పెట్టాను. సామ్రాజ్యం పొడిచింది. చేతికి గుడ్డ చుట్టుకుని గుడ్లన్నీ తీసి గంపలో పెట్టాను. లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఉత్త గడ్డి మీదే కూర్చుంది. సరే అని ఒక ఉల్లిపాయ తెచ్చి పక్కన పెట్టాను. మెడ చాచి ముక్కుతో లాక్కుని పొట్ట కిందకి నెట్టుకుంది! మునసబు ఆడుకునే బంతి పెట్టాను. అదీ లాక్కుంది. గ్లాసు బోర్లించి పెట్టాను. కాసేపు చూసి వద్దంది. గుండ్రంగా ఉంటేనే కావాలన్నమాట.

అలిగినవాళ్ళని నేను ఎరుగుదును. నా భార్య అలిగితే అన్నం మానేసేది, మాట మానేసేది, అంతేగానీ పక్కలో ఉల్లిపాయ పెట్టుకుని పడుకునేది కాదు. అలక అన్నది తప్పేనేమో. నేను తప్పు అనడం అరుదు, అందుకని రాస్తున్నాను.

ఉల్లిపాయ తీసేసి గుడ్లు మళ్ళీ పెట్టాను. ఒక్కొక్క దాన్నీ లోపలికి సర్దుకుంటున్నప్పుడు పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. అక్కడ ఈకలు లేవు, తనే పీక్కున్నట్టుంది. బోసి చర్మం పెనంలాగా కాలుతోంది. ఒళ్ళంతా అలా లేదు, ఆ ఒక్క చోటే. ఇదెక్కడి జ్వరం? పొట్టకి మాత్రమే వచ్చే జ్వరం ఉంటుందా? సాయంత్రం దాకా గూడు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. మధ్య మధ్యలో ముక్కుతో గుడ్లని అటూ ఇటూ తిప్పుతోంది. బయట ఉన్నది లోపలికి, లోపల ఉన్నది బయటికి. ఎందుకు?

4

వారం నుంచీ సామ్రాజ్యం అలాగే కూర్చుని ఉంది. ఇవాళ పొద్దున్నే పక్కింటి పేరంటాలు గేటు బయట నిలబడి అరిచింది. నాకు వరసకి మరదలవుతుంది. నోరు పెద్దది.

"ఏం బావా, బయటికి రా ఒకసారి!"

"ఏందే?"

"నా పెట్ట పట్టీ కూడా ఎర్రగా అయింది. నీ కొంప రోగం నా కొంపకొచ్చింది."

"నా కోడి గూడు దిగలేదు. నీ కోడి గేటు దాటలేదు. రోగం నడిచొచ్చిందా?"

"గాల్లో వచ్చింది."

"గొడుగు కిందకి గాలంతా ఒకటే గొట్టంలోంచి వస్తది. అట్టా అయితే నీకూ నాకూ కూడా రావాలి."

"నీకు ఎప్పుడో వచ్చిందిలే. తిండి సయించదు, మంచం దిగవు, దగ్గరికొస్తే మీద పడతావు."

ఆ మాటకి వీధిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకూ వచ్చింది గానీ ఆపుకున్నాను.

కానీ ఇందులో నవ్వాల్సింది లేదు. ఒకే వీధిలో అయిదు పట్టీలు ఎర్రబడితే ఆ వీధి కోళ్ళన్నిటినీ సంచుల్లో వేసి తీసుకుపోతారు. పుంజుతో సహా. తిరిగి ఇవ్వరు. తూర్పు వీధిలో అలాగే జరిగింది. అక్కడ నిజంగానే రోగం. ఇప్పటికీ ఆ వీధిలో పొద్దున్నే వెళితే ఏదోలా ఉంటుంది. కూత ఉండదు, రెక్కల చప్పుడు ఉండదు. ఖాళీ గూళ్ళలో చెప్పులు పెట్టుకుంటున్నారు.

పేరంటాలు తన పెట్టని నీళ్ళ తొట్టిలో ముంచి తీసింది, వేడి తగ్గుతుందని. అది ఒళ్ళు దులుపుకుని, తడి ఈకలతోనే మళ్ళీ గూట్లోకి వెళ్ళి కూర్చుంది. దాని గుడ్లన్నీ ఆవిడ ఎప్పుడో తీసి బండికి ఇచ్చేసింది. ఏమీ లేని గడ్డి మీద కూర్చుని గుర్రుమంటోంది పిచ్చిది.

5

ఇంకో వారం గడిచేసరికి మరో రెండు ఇళ్ళల్లో ఎర్రబడ్డాయి. అంటే నాలుగు. ఇంకొక్కటి పడితే సంచులు వస్తాయి.

నేను ఒక పని చేశాను. ఆసుపత్రివాళ్ళు చదివే కాగితమే అయినా రాస్తాను, దాచుకునే అలవాటు నాకు లేదు. సామ్రాజ్యం కాలి పట్టీ కత్తిరించి, తాడుతో మునసబు మెడకి కట్టాను. ఎరుపు పోయింది. ఇప్పుడు లెక్క మూడే.

మునసబుకి ఇది నచ్చలేదు. కట్టిన చోట గోక్కుంటూ గోడెక్కి పోయింది.

6

డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"తాతగారూ, మీ కోడికి ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. తిరుగుతోంది."

"తిరుగుతోందని తెలుసు. పొద్దున చేపల తొట్టి దగ్గర ఉంది. తర్వాత నీళ్ళ ట్యాంకు మీదకెక్కింది. ఇప్పుడు పేరంటాలమ్మగారి వంటింట్లో ఉంది."

"హుషారుగా ఉంది మరి."

"మీ పిల్లి కూడా సరిగ్గా ఈ చోట్లన్నిట్లోనూ ఉంది."

ఈలోగా పేరంటాలు వంటింట్లోంచి గిన్నె పడిన చప్పుడూ, ఆవిడ తిట్లూ, ఆ వెనకే రెండు పట్టీలతో మునసబూ బయటికి వచ్చాయి. నోట్లో చేపముక్క.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది చాలా పెద్ద తప్పు తాతగారూ. నిజంగా రోగమైతే గొడుగంతా పాకేది" అంది. నేను తల వంచలేదు. తర్వాత ఆవిడ గూడు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నేను ఉల్లిపాయ సంగతీ, బంతి సంగతీ, కాలే పొట్ట సంగతీ చెప్పాను. గుడ్లు తిప్పుతుందన్నప్పుడు ఆవిడ చటుక్కున నా వైపు చూసింది.

"తిప్పుతుందా? రోజుకి ఎన్నిసార్లు?"

"నేను కూర్చున్నంతసేపూ ఆగి ఆగి తిప్పుతూనే ఉంది."

"పిల్లల మిషనులో కూడా గుడ్లు తిరుగుతూ ఉంటాయి. తిరగకపోతే పిల్ల పెంకుకి అతుక్కుపోతుంది."

ఆవిడ జేబులోంచి చిన్న లైటు తీసింది. నేను గుడ్డ చుట్టుకున్న చేత్తో ఒక గుడ్డు తీసి ఇచ్చాను. నా తువ్వాలు కప్పుకుని, చీకటి చేసి, గుడ్డుకి లైటు ఆనించింది. నేనూ తల దూర్చాను. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా పాకి ఉన్నాయి. మధ్యలో నల్లటి ముద్ద. ఆ ముద్ద కదిలింది.

"మిషను చేసే పని ఇది చేస్తోంది" అంది డాక్టరమ్మ, గొంతు బాగా తగ్గించి. "ఆ వేడే. ఆ తిప్పడమే."

"మిషను ముందా, కోడి ముందా?" అన్నాను.

నేను పుట్టినప్పటి నుంచీ పిల్ల అంటే మిషను సొరుగులోంచి తీసి ఇచ్చేది. మా నాన్న కాలంలోనూ అంతే. గుడ్డు పెట్టడం వరకే కోడి పని అనుకున్నాం. పెట్టిన గుడ్డు వంక దాన్ని ఎప్పుడైనా చూడనిచ్చామా?

పోయేముందు ఆవిడ, "పట్టీ తిరిగి కోడికి కట్టండి. లేకపోతే నేనే కట్టాలి" అంది.

"కడితే లెక్క నాలుగవుతుంది."

"పొద్దున అటు చివర ఇంటి పెట్ట కూడా కూర్చుంది తాతగారూ. అయిదవుతుంది."

కట్టాను. నా చేత్తోనే.

7

డాక్టరమ్మ ఇది రోగం కాదని పశుశాఖకి చెప్పింది. రోగం కాకపోతే ఏమిటో పేరు చెప్పమన్నారట. అలాంటి పేరు వాళ్ళ మిషనులో లేదట. పేరు లేనిది కొత్త రోగమే అవుతుందన్నారు. రేపు సంచులు తెస్తారు.

నాకు మధ్యాహ్నం భోంచేస్తుండగా తట్టింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎర్రబడ్డ అయిదు ఇళ్ళూ నేను ఇటుకలు పెట్టినవే. ఇటుక పెట్టని ఇంట్లో ఒక్క పెట్ట కూర్చోలేదు. గుడ్డు దొర్లిపోకుండా కళ్ళ ముందు ఉంటే చాలు, వాటి లోపల ఏదో లేస్తోంది.

వెళ్ళి పేరంటాలుతో చెప్పాను. ఇంకొకళ్ళు చెప్పేకన్నా నేను చెప్పడం నయం.

"అయితే ఇదంతా నీ ఇటుక వల్లా?"

"నా ఇటుక వల్లే."

"నీ ఇటుక పాడుగాను! నువ్వే వచ్చి, కాఫీ కూడా వద్దని, పెద్ద మేస్త్రీలాగా పెట్టి వెళ్ళావు కదయ్యా."

"బాగానే పెట్టాగా. ఒక్క గుడ్డన్నా పగిలిందా?"

ఆవిడ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. మెట్టు మీద కూలబడింది. ఆవిడ పెట్ట గూట్లోంచి గుర్రుమంది. "రేపు తీసుకుపోతారా బావా?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇంటికి వచ్చేశాను.

8

పశుశాఖ ఇనస్పెక్టరు ఇమ్మానియేలు వచ్చాడు. వెనక సంచుల బండి. వీధివాళ్ళు ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడ్డారు. ముందు నా ఇంటికే వచ్చాడు, మొదలైంది ఇక్కడ గనక.

"పెద్దాయనా, నాకేం సరదా కాదు. తూర్పు వీధిలో ఆలస్యం చేశారని మమ్మల్నే తిట్టిపోశారు. ఈసారి ఆ మాట పడలేను."

"తీసుకెళ్ళే ముందు ఒక్క గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని వినండి సార్" అంది డాక్టరమ్మ. ఆవిడ గుడ్లకి చెవి ఆనించి వింటూ మా ఇంట్లోనే తెల్లవారేదాకా కూర్చుంది.

"ఎందుకమ్మా?"

"వినండి. ఆ తర్వాత మీ ఇష్టం."

నేను గుడ్డు తీశాను. ఈసారి గుడ్డ చుట్టుకోలేదు, టైము లేదు. సామ్రాజ్యం రక్తం వచ్చేలా పొడిచింది. ఇమ్మానియేలు గుడ్డుని చెవికి ఆనించుకున్నాడు. విసుగ్గా మొహం పెట్టాడు. అంతలో గూట్లోంచి సామ్రాజ్యం గొంతులోపలే కుక్ కుక్‌మని చిన్నగా అంది. ఆ కూత నాకు కొత్త. దానికి నాతోనూ మాట ఉంది, మునసబుతోనూ మాట ఉంది, కానీ ఇది వేరు.

ఇమ్మానియేలు మొహం మారిపోయింది.

"జవాబు చెబుతోంది" అన్నాడు.

"ఎవరు?" అంది గేటు దగ్గర నుంచి పేరంటాలు.

"లోపలున్నది. పెట్ట కూస్తే పలుకుతోంది."

గుడ్డు కిందకి దించి చూశాడు. పెంకు మీద చిన్న గీత. ఆ గీతలోంచి సూదిమొనంత ముక్కు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, గుడ్డుని రెండు చేతులతో పట్టుకుని గూట్లో పెట్టాడు. ఆయన్నీ పొడిచింది. ఎవరినీ వదలదు.

"సరే, ఈ ఒక్కదాన్నీ వదిలేస్తాను. మిగతా నాలుగూ ఉత్త గడ్డి మీద కూర్చున్నాయి. అవి రోగం కాదని ఏంటి నమ్మకం?"

నా దగ్గర జవాబు ఉంది, కానీ దానికి గుడ్లు ఇవ్వాలి. సామ్రాజ్యం అన్నాళ్ళు తిండి మాని కాపాడుకున్న గుడ్లు అవి.

"నాలుగు గుడ్లు ఇస్తాను. తలా ఒకటి పెట్టి చూడండి. రోగమైతే తన్ని పారేస్తాయి."

సామ్రాజ్యం నన్ను వదిలిపెట్టలేదు. ముంజేతి దాకా పొడిచింది. ఆ పెట్ట కళ్ళలోకి చూడకుండా నాలుగూ తీసి తువ్వాలులో పెట్టుకున్నాను. వీధంతా నా వెనక నడిచింది. ముందు పేరంటాలు ఇంట్లో పెట్టాను. ఆవిడ పెట్ట మెడ చాచింది. ఒకసారి ముక్కుతో తట్టింది. పొట్ట కిందకి లాక్కుంది. తర్వాత అదే కూత, కుక్ కుక్. దానికి ఎవరూ నేర్పలేదు. సామ్రాజ్యాన్ని అది చూడనైనా లేదు, మధ్యలో గోడ ఉంది.

మిగతా మూడు ఇళ్ళలోనూ అలాగే చేశాయి.

ఇమ్మానియేలు పేరంటాలు మెట్టు మీదే కూర్చుండిపోయాడు. భోజనం వేళ దాటినా లేవలేదు. పేరంటాలు పళ్ళెంలో అన్నం పెట్టి ఇస్తే కళ్ళు గూటి మీద పెట్టుకునే తిన్నాడు. చీకటి పడకముందే పెట్ట రెక్క కింద నుంచి ఒక తల బయటికి వచ్చింది. తడి తడిగా, బొత్తిగా అందం లేకుండా. ఇమ్మానియేలు లేచి, బండివాణ్ణి సంచులు మడిచి తీసుకుపొమ్మన్నాడు.

"పైవాళ్ళకి ఏం చెబుతారు?" అన్నాను.

"చూసింది చెబుతాను పెద్దాయనా. నమ్మకపోతే వచ్చి ఇక్కడ కూర్చోమంటాను."

పేరంటాలు నా చేతి వైపు చూసి, లోపలికి వెళ్ళి పసుపు తెచ్చింది. అద్దుతూ, "ఆ ఇటుకలు మాత్రం తీయకు బావా" అంది.

9

ఆసుపత్రి వాళ్ళకి ఇదే ఆఖరి కాగితం. పట్టీలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి.

సామ్రాజ్యానికి మిగిలిన గుడ్లలో ఒక్కటి తప్ప అన్నీ పిల్లలయ్యాయి. మిషను పిల్లలు వస్తే ఒక్కొక్క దాని ముక్కూ నీళ్ళలో ముంచి తాగడం నేర్పాలి. ఈ వీధిలో ఆ పని నాదే, నా అంత ఓపిక ఎవరికీ లేదు. చిప్పలో నీళ్ళు పోసుకుని సిద్ధంగా కూర్చున్నాను. సామ్రాజ్యం గూడు దిగి వచ్చి, నా చెయ్యి పక్కకి పొడిచి, తను ఒక గుక్క తాగి తలెత్తింది. పిల్లలు చూశాయి. వంగాయి. తాగాయి. నేను చిప్ప పట్టుకుని ఉన్నాను, అంతే.

తర్వాత అది పిల్లల్ని వెంటేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. పిల్ల కాని గుడ్డు గూట్లోనే ఉంది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నిన్నటి దాకా ఉల్లిపాయని కూడా వదలని పెట్ట ఇది. నేను ఆ గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు. డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది. మురిగిపోయింది, అందులో ఎప్పుడూ ఏమీ లేదు అంది. మనకి లైటు కావాల్సి వచ్చింది. దానికి ఎలా తెలిసింది?

"ఎలా తెలిసిందంటారు తాతగారూ?" అంది ఆవిడ.

నాకు తెలియదు అన్నాను. ఈ మాట నేను ఎవరితోనూ అనను. ఆవిడ తన పీట నా పక్కకి జరుపుకుంది. సామ్రాజ్యం మట్టి గీరుతోంది, పిల్లలు అది గీరిన చోట గీరుతున్నాయి. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.